తెర మీద ఒక్కతే

బెల్‌నాప్, ఒక్లహామా
18 జనవరి, 1953

నోరా తల్లీ,

పత్రికలో నీ ఫోటో చూశాను. ముందు చూసింది నేను కాదు, సినిమా హాలు హర్లన్ పీట్. పెట్రోలు పోయించుకోవడానికి వచ్చి, బండి దిగకుండానే పత్రిక ఊపుతూ ఒకటే కేకలు. “హెస్టర్, మీ చెల్లెలు డైరెక్టరయిందటగా! మగాళ్లని నిలబెట్టి నడువు, ఆగు, చావు అని చెబుతుందటగా!” అన్నాడు. “మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ అదే చెప్పేది, ఇప్పుడు జీతానికి చెబుతోంది” అన్నాను. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

ఎనిమిదేళ్లు ఎవరి వెనకో కూర్చుని, ఏ నటి ఏ చేత్తో గ్లాసు పట్టుకుందో పుస్తకంలో రాసుకున్నదానివి. ఇవాళ నువ్వే కెమెరా పక్కన నిలబడ్డావు. నాన్న ఉండుంటే ఈ బంకు ముందు నీ ఫోటో కట్టేవాడు. ఆయన బదులు నేను కట్టాను. లోపల, కాఫీ కెటిల్ పైన. ఆవిరికి అప్పుడే కాస్త ముడుచుకుంది.

ఇంతకీ సినిమా దేని గురించే? పత్రికవాడు “గుండె ఆగే కథ” అని రాసి ఊరుకున్నాడు. నాకు గుండె ఆగేవి పడవని నీకు తెలుసుగా.

వర్నా టిల్‌ఫర్డ్ ఆదివారం ఆదివారం వస్తూనే ఉంది. పీచ్ పండ్లు పెట్టి తీపి రొట్టె కాల్చి తెస్తుంది, సగం తనే తినేసి పోతుంది. ఏప్రిల్‌కి వాళ్లాయన అమోస్ పోయి పద్దెనిమిదేళ్లు. ప్రతి ఏడూ అన్నట్టే మొన్న కూడా అంది. “ఆ దుమ్ముతుఫానులో మీ తలుపు దాకా వచ్చి ఉంటే బతికేవాడు హెస్టర్. నువ్వు తీసేదానివి.” నేను కాఫీ పోస్తూ తల ఊపుతాను. పద్దెనిమిదేళ్లుగా అలా ఊపుతూనే ఉన్నాను. శవాన్ని కడిగినప్పుడు ఆయన గోళ్లలో పచ్చరంగు పెచ్చులు కనపడ్డాయని, అది ఏ రంగో ఎప్పటికీ తెలియలేదని ఆమె నాతో అన్న సంగతి నీకు రాశానే, ఆ ఉత్తరం చించేశావా? చించెయ్యి. మన పాత తలుపు రంగు గుర్తున్నవాళ్లు ఇంకా ఊళ్లో ఉన్నారు. ఆ సంగతి మనిద్దరి మధ్యే పోవాలి.

వేళకి తిను. ఆ ఊళ్లో పంపరపనస సగం కోసి భోజనం అంటారట కదా.

నీ అక్క
హెస్టర్

*

లాస్ ఏంజిలిస్
30 జనవరి

అక్కా,

నీ ఉత్తరం సెట్లో గట్టిగా చదివి వినిపించాను. నడువు, ఆగు, చావు అన్న మాట మా కెమెరామన్ సుద్దముక్కతో గోడ మీద రాసి పెట్టాడు. ఇప్పుడు నన్ను చూడగానే అందరూ శవాల్లా పడిపోతున్నారు. మొదటివారం ఈ మగాళ్లు నేనేం చెప్పినా వెనక్కి తిరిగి నిర్మాత మొహం చూసేవాళ్లు. నిర్మాత గ్రెబ్నర్‌కి చిరాకెత్తి, “నా వైపు చూడకండ్రా, ఆవిడ అరిస్తే నాకే భయం” అన్నాడు. అప్పట్నుంచీ నా వైపే చూస్తున్నారు.

మాది చిన్న కంపెనీ. ఒక్క దీపంతో తీస్తాం. దీపం ఒక పక్కన పెడితే రెండో పక్కంతా చీకటి. ఆ చీకట్లో గోడ లేదని ఎవరికీ తెలియదు. చూసినవాళ్లు “ఆహా, ఏం నీడలు!” అంటున్నారు. లేమి అని నేనెందుకు చెప్పాలి?

కథంటావా, పెద్ద కథేం లేదు. ఒక పెట్రోలు బంకు, ఒక ఆడమనిషి, దారిన పోయేవాళ్లు. కాస్త నవ్వుకోవచ్చు. నీ బంకే గుర్తొస్తుంది నీకు. గుండె ఆగేదేం లేదు, పత్రికవాళ్లు అలాగే రాస్తారు.

ఆ ఉత్తరం చించేశాను. నువ్వు ఇక దాని గురించి ఆలోచించకు.

నీ చెల్లెలు
నోరా

*

బెల్‌నాప్
2 మార్చి

నోరా,

గొప్ప వార్త! హర్లన్ పీట్ నీ సినిమా తెప్పిస్తున్నాడు. ఈ నెల ఇరవై ఒకటి, శనివారం మధ్యాహ్నం ఆట. “మన ఊరి పిల్ల” అని గుడ్డ మీద రాయించి వీధికి అడ్డంగా కట్టాడు. గాలికి ఒక కొస ఊడిపోతే నేనే నిచ్చెన వేసుకుని కట్టాను. నలభై రెండేళ్ల దానికి నిచ్చెనలెందుకని పాస్టరుగారు కేకలేశారు.

మన బంకు లాంటి బంకు మీద నవ్వుకునే కథ అని నువ్వు రాశావుగా, అది నేను చర్చిలో ఆడవాళ్లందరికీ చెప్పేశాను. అందరూ వస్తున్నారు. వర్నా సినిమాకి వెళ్లి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. రానంది. “నా చెల్లెలి సినిమా, నా పక్కన కూర్చో” అని ఒప్పించాను. నీలం గౌను ఇస్త్రీ చేసుకుంటోంది పాపం.

సంతోషంతో కాలు నిలవడం లేదు నాకు.

హెస్టర్

*

లాస్ ఏంజిలిస్
9 మార్చి

అక్కా,

వెళ్లొద్దు. సినిమా బాగా రాలేదు. శబ్దం సరిగ్గా లేదు, మధ్యలో నరికేశారు, నాకే సిగ్గుగా ఉంది. వర్నాని అసలు తీసుకెళ్లకు. పెద్దావిడ, ఆ హాలు కుర్చీల్లో నడుం పట్టేస్తుంది. ఈసారి మంచి సినిమా తీస్తాను, దానికి వెళుదువుగాని.

హర్లన్‌కి చెప్పి ఆపించలేవా? నేను గ్రెబ్నర్‌ని అడిగాను, నవ్వాడు.

దయచేసి వెళ్లకు.

నోరా

*

బెల్‌నాప్
23 మార్చి

నోరా,

నీ ఉత్తరం ముందే అందింది. చదివి నవ్వుకున్నాను. మొదటి వంట వండిన పిల్ల “ఉప్పెక్కువైంది, తినకండి” అన్నట్టుందని వర్నాకి కూడా చదివి వినిపించాను. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వుకుంటూనే వెళ్లాం ఇద్దరం.

హాలు నిండిపోయింది. గోడ పక్కన నిలబడి కూడా చూశారు. దీపాలార్పగానే నీ పేరు పడింది, చప్పట్లు కొట్టారు. నేను వర్నా చెయ్యి పట్టుకున్నాను. ఆ నటి జుట్టులో పెన్సిల్ దోపుకుని వచ్చింది. వెనక వరసలో ఎవడో “అరె, మన హెస్టరే!” అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేను లేచి దణ్ణం కూడా పెట్టాను.

తర్వాత గాలి మొదలైంది తెర మీద. పట్టపగలు చీకటి పడింది. రేడియోలో బ్యాంకు దొంగలు ఈ దారినే తిరుగుతున్నారని చెప్పారు. ఎవరో తలుపు కొట్టారు. ఆ ఆడమనిషి జుట్టులోంచి పెన్సిల్ తీసి కత్తిలా పట్టుకుని, గదిలో ఒక్కతే నిలబడి, తలుపు తియ్యలేదు.

ఎవరూ నవ్వడం లేదు అప్పటికి. దుమ్ము పడ్డ రోజు ఈ ఊళ్లో ఎవరు మరిచిపోతారే? అయినా అనుకున్నాను, కథలే, ఎక్కడైనా జరుగుతాయిలే, గుమ్మడికాయల దొంగంటే నేనెందుకు భుజాలు తడుముకోవాలి, అని. అప్పుడు తెల్లారింది. శవం దొరికింది. నువ్వు ఆ చేతిని తెరంత పెద్దది చేసి చూపించావు. గోళ్లలో రంగు పెచ్చులు. ఆ వెంటనే తలుపు. తలుపు మీద గోళ్ల గీతలు.

వర్నా నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. విసురుగా కాదు. మెల్లగా తీసి, ఒళ్లో పెట్టుకుని, చివరిదాకా చూసింది. ఆ ఆడమనిషి పిచ్చిదై ఎండలో పరిగెత్తి చచ్చేదాకా చూసింది. దీపాలు వెలిగాక నీలం గౌను సర్దుకుని లేచింది. బండిలో దింపుతానంటే, “నడుస్తాను” అంది. రెండు మైళ్లు.

ఆ గోళ్ల సంగతి ఈ లోకంలో ఆమెకి తెలుసు, నాకు తెలుసు, నీకు తెలుసు. చించేశానన్నావు. చించి తెర మీద అతికించావన్నమాట.

నిన్న చర్చిలో నా బల్ల మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాట పుస్తకంలో పెట్టుకున్నాను. కాఫీకి ఎవరూ రాలేదు. నీ ఫోటో కెటిల్ పైనుంచి తీసేశాను.

హెస్టర్

*

లాస్ ఏంజిలిస్
28 మార్చి

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు పాడు చేశాను.

తప్పే. నవ్వులకథ అని అబద్ధం చెప్పాను. మన ఊరికి రాదనుకున్నాను. ఇలాంటి చిన్న సినిమాలు పెద్ద ఊళ్లలో రెండో ఆటగా ఆడి పోతాయి. హర్లన్ పీట్ ఇంత అభిమానం చూపిస్తాడని కలలో కూడా అనుకోలేదు.

ఒక్కటి నమ్ము. ఊరూ పేరూ ఏమీ లేకుండా చేశాం. కంపెనీలో ఒకాయన ఉంటాడు, పాత్రల పేర్లన్నీ టెలిఫోన్ పుస్తకాలతో సరిచూసి, బతికున్నవాళ్ల పేరు ఒక్కటి కూడా రాకుండా చూస్తాడు. అన్నీ చూశాడు. గోళ్ల సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు కదా, అందుకని నిలిచిపోయింది. అది మనసులో పడిపోయిందక్కా. దుమ్ము కోసం ముల్తానీ మట్టి ఫ్యానుకి పోసి ఎగరేస్తుంటే, అందరూ దగ్గుతూ నవ్వుతుంటే, నేను మాత్రం ఆ తలుపే చూస్తూ ఉన్నాను.

గదిలో ఒక్కతే ఎందుకుంది అని నువ్వు అడగలేదు. అడగకపోయినా చెబుతాను. మొదట ఇద్దరున్నారు, అక్కాచెల్లెళ్లు. స్క్రిప్టు రాసినవాడు ఇద్దర్నీ కలిపి ఒకరిని చేశాడు. మా పనిలో ఇది మామూలే. ఇద్దరుంటే మాట్లాడుకుంటారు, ఒక్కతయితే భయం ఎక్కువవుతుంది, కథ బిగుస్తుంది. చివర చావు కూడా మా ఇష్టం కాదు. సినిమాలు సరిచూసే ఆఫీసువాళ్లు, తప్పు చేసిన మనిషి శిక్ష పడకుండా పోకూడదన్నారు. అది వాళ్ల రూలు.

వర్నాకి, అదంతా కల్పన అని చెప్పు. గోళ్ల సంగతి నువ్వే ఎప్పుడో మాటల్లో నాతో అన్నావని, నేను ఏదో అల్లేశానని చెప్పు. నా మీద వేసెయ్యి.

నోరా

*

బెల్‌నాప్
5 ఏప్రిల్

నోరా,

నీ మీద ఏమీ వెయ్యలేదు. విను.

పన్నెండు రోజులు వర్నా రాలేదు. గురువారం పొద్దున వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గల్లా దగ్గర నిలబడి అడిగింది.

“ఈ తలుపు అప్పుడు పచ్చ రంగేనా?”

“పచ్చే.”

“వచ్చాడా?”

కల్పన అని చెప్పమన్నావు. నోరు రాలేదు. పద్దెనిమిదేళ్లు కాఫీ పోసి తల ఊపినదాన్ని, ఆ ఒక్క అబద్ధం మాత్రం చెప్పలేకపోయాను. “వచ్చాడు. కొట్టాడు. నేను తియ్యలేదు. దొంగేమో అనుకున్నాను. పొద్దున చూసి, తలుపు మీద గీతలు గీకేసి తెల్లరంగు వేశాను” అన్నాను. అంతా అక్కడే, గుమ్మం బయట ఎవరో పెట్రోలుకి హారన్ కొడుతుండగా చెప్పాను.

ఆమె ఏడవలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! “ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా?” అంది.

“లేరు, నేనొక్కదాన్నే” అన్నాను. నీ సినిమాలో లేరుగా మరి.

నువ్వు రాసిన దానికి కోపం కూడా రాలేదు నాకు. ఒకరిని చేశారట, కథ బిగుస్తుందట. ఆ రోజు ఇంట్లో ఇద్దరం ఉన్నాం నోరా. నాన్న ఊళ్లో లేడు, నాకు ఇరవై నాలుగు, నీకు పదిహేడు. నేను ఆ హాల్లో కూర్చుని చూస్తున్నంతసేపూ గది మూలల్లో నీ కోసం వెతికాను. చీకటి తప్ప ఏమీ లేదు అక్కడ. గోడ కూడా లేదన్నావుగా. ఊరంతా నన్ను చూసింది. నేను చచ్చిపోవడం కూడా చూసింది. నువ్వు మాత్రం కెమెరా వెనక ఉన్నావు.

ఇక ఒకటే మిగిలింది. వెళ్తూ వెళ్తూ వర్నా గుమ్మంలో ఆగి అడిగింది. “ఏమన్నాడు? బయట నిలబడి ఏమన్నా అన్నాడా?” పద్దెనిమిదేళ్లుగా భర్త చివరి మాట తెలియని మనిషి. నాకు గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదని చెప్పాను. అది నిజమే. తలుపుకి చెవి ఆనించింది నేను కాదు.

నీకు వినపడిందా?

హెస్టర్

*

లాస్ ఏంజిలిస్
9 ఏప్రిల్

అక్కా,

వినపడింది.

స్క్రిప్టు రాసినవాడు అంటూ ఎవడూ లేడు. నేనే రాశాను. మూడు వారాలు, వంటింటి బల్ల మీద. చెల్లెలి పాత్ర రాశాను కూడా. ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల నోట్లో పెట్టాల్సిన మాట పెట్టలేక, ఆ పిల్లని మొత్తం కొట్టేశాను. గ్రెబ్నర్‌తో కథ బిగుస్తుందని చెప్పింది నేను. నీకు ఆ లేని రచయిత మీద, ఆఫీసు మీద, రూలు మీద పెట్టి రాసింది కూడా నేనే. నీ మొహం చూసి చెప్పలేనివన్నీ నీ జుట్టులో పెన్సిల్‌తో సహా ఆ నటికి ఇచ్చి, నువ్వే చేశావన్నట్టు తీశాను. ఇంత సిగ్గులేని పని ఇంకొకటి చెయ్యలేదు నా జన్మలో. అప్పుడు చేసింది తప్ప.

ఇప్పుడు అది చెబుతాను. నీకు కూడా తెలియనిది.

మొదటిసారి కొట్టినప్పుడే నీ చెయ్యి గొళ్లెం మీదకి పోయింది. నీకు గుర్తుందో లేదో. నేను నీ నడుం పట్టుకుని వెనక్కి లాగాను. “దొంగలే, తీశావంటే ఇద్దర్నీ చంపేస్తారు, తియ్యకే” అని అరిచాను. నువ్వు “ఎవరో ఏమో, అడుగుదాం” అన్నావు. నేను అడుగుతానని తలుపుకి చెవి ఆనించాను. వెనక్కి తిరిగి, “ఏదో తెలియని గొంతు” అని నీతో చెప్పాను.

తెలిసిన గొంతే అక్కా. “వర్నా, నేనే. తలుపు తియ్యి” అన్నాడు.

కంచె పట్టుకుని నడిచి, తన ఇంటికి చేరాననుకున్నాడు. రెండుసార్లు అదే అన్నాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది అమోస్ అని. తియ్యొచ్చు. ఒక్క అడుగు. కాని నేను అప్పటికే అంత అరిచి ఉన్నాను, నిన్ను లాగి కింద పడేశాను, నీ మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం వస్తోంది. ఇప్పుడు “పొరపాటు, అది అమోసే” అంటే నువ్వు నన్ను ఎలా చూస్తావో అని సిగ్గేసింది. భయం కాదు. భయం అని పద్దెనిమిదేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, సినిమాలో కూడా భయమే తీశాను. భయం పోయింది అప్పటికి. ఉన్నది సిగ్గొక్కటే. ఇంకొక్కసారి కొడితే తీద్దాం అనుకున్నాను. ఇంకొక్కసారి కొట్టలేదు.

అందుకే తెర మీద ఆ మనిషి గొంతు గాలిలో కలిపేశాను. శబ్దం కలిపే అబ్బాయి “ఏమంటున్నాడో వినపడితే బావుంటుంది కదండీ” అని రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను.

వర్నా అడిగినదానికి ఇదీ జవాబు. ఆయన చివర పిలిచింది ఆమె పేరే. దానితో పాటు రెండోది కూడా ఆమెకి తెలుస్తుంది. తన భార్యే లోపల ఉండి తలుపు తియ్యడం లేదనుకుంటూ ఆయన పోయాడు. మొదటిది చెప్పి రెండోది దాచడానికి వీలు లేదు. ఎలా చెప్పినా రెండూ కలిసే వస్తాయి.

నువ్వు చెప్పొద్దు. ఈ ఉత్తరం ఆమెకి చూపించొద్దు. నా వంతు కూడా నువ్వు మోసింది చాలు. “నేనొక్కదాన్నే” అని నా కోసం అబద్ధమాడావు, పద్దెనిమిదేళ్లు వర్నా ముందు తల ఊపిన అబద్ధానికి కూడా కారణం నేనే. కొత్త సినిమా మొదలుపెట్టాల్సిన వారం ఇది. రానని గ్రెబ్నర్‌కి చెప్పాను. ఇంకొకడిని పెట్టుకుంటానన్నాడు, పెట్టుకోమన్నాను.

మంగళవారం పొద్దున బస్సుకి దిగుతాను. నువ్వు స్టాపు దగ్గరికి రావద్దు అక్కా. నిన్ను చూస్తే నీ వెనక నిలబడిపోతాను. ముందు వర్నా ఇంటికి వెళతాను. ఆమె లోపలికి రమ్మన్నా రమ్మనకపోయినా, ఆ మాట ఆయన అన్నది అన్నట్టే చెబుతాను. “వర్నా, నేనే. తలుపు తియ్యి.” ఆ తర్వాత ఊళ్లో అందరూ చూస్తుండగా నీ దగ్గరికి నడిచి వస్తాను. అప్పుడు నన్ను లోపలికి రానిస్తావో లేదో నీ ఇష్టం.

నోరా